ఈ నంబరు తీసి మీది పెట్టండి

ఆమె పోయిందన్న కబురు నాకు ఆమె నంబరు నుంచే వచ్చింది. ఫోన్ తెర మీద ఆమె పేరు చూసి, ఎత్తుతూనే "ఏమక్కా, మళ్ళ ఎవురు ఏడ్సినారు?" అన్నాను. మా ఇద్దరి మధ్య అది మామూలు పలకరింపు. అవతల వాళ్ళాయన గొంతు వినిపించింది. "మీ అక్క పోయిందప్పా," అన్నాడు. పొద్దున కాఫీ కలుపుతూ కలుపుతూ అలాగే కూర్చుండిపోయిందట. అంతకు మించి ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

కదిరిలో ఆమెను ఎరగనివాళ్ళు తక్కువ. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇంకా తక్కువ. అందరికీ ఆమె టైపు మేడమే. బంధువులంతా కిరాణా, బట్టల అంగళ్ళు పెట్టుకుంటే ఈ మొగుడూ పెళ్ళాలు బస్టాండుకు దగ్గర్లో ఒక మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో గుమాస్తా ఉద్యోగం చేసి రిటైరైన వాళ్ళలో చాలామంది వేళ్ళు ఆమె చేతుల్లో తిరిగినవే. తర్వాత టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. కంప్యూటర్ క్లాసులు కూడా పోయి ఆన్‌లైన్ దరఖాస్తులూ జిరాక్సూ మిగిలాయి. బోర్డు మాత్రం ఎవరూ మార్చలేదు.

నేను అనంతపురంలో ఇంట్లోనే కూర్చుని ఒక కంపెనీకి వెబ్‌సైట్ల పని చేస్తుంటాను. అది నా బతుకుతెరువు. దాని పక్కనే జీతం లేని పని ఇంకొకటి ఉంది. చిన్న చిన్న వెబ్‌సైట్లు ఎవరికి వాళ్ళు తయారు చేసుకోవడానికి పనికొచ్చే ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు అది. దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. దేశానికొకరుగా ఉన్న కొంతమందిమి, ఒకరి ముఖం ఒకరు సరిగా చూడకుండానే దాన్ని నడుపుకొస్తున్నాం. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలను డాక్యుమెంటేషన్ అంటారు. తెలుగులో ఆ పేజీలు రాసింది నేను. రాసి, బ్రహ్మాండంగా ఉందని నా భుజం నేనే చరుచుకున్నాను.

ప్రాజెక్టులో తప్పులేమైనా ఉంటే చెప్పడానికి ఒక చోటు ఉంటుంది. అక్కడ అందరూ ఇంగ్లీషులో, పొడిపొడిగా రాస్తారు. ఒకరోజు దాంట్లో తెలుగులో ఇలా కనిపించింది: "మీ పేజీలో మూడో లైను కాడ మా అమ్మాయి ఏడ్సింది. ఇది రాసిందెవురు?"

నాకు ఒళ్ళు మండింది. మండినా మర్యాదగానే, ఏ పరికరం మీద చూశారు, తెర మీద ఏ తప్పు కనిపించింది, వివరంగా తెలపగలరని రాశాను. గంటలోపే జవాబు. "తెర మీద ఏమీ రాలేదు. కండ్లల్లో నీళ్ళొచ్చినాయి. వచ్చి సూసుకో." కింద కదిరి చిరునామా. ప్రపంచం నలుమూలల నుంచీ తిట్లు తిన్నాను గానీ మా సీమ నుంచి తిట్టడం అదే మొదలు. ఈ మనిషి ఎవరో చూడాలనిపించింది. ఆ ఆదివారం బస్సెక్కాను.

మేడ మెట్లు ఎక్కేసరికి సన్నగా, పొడుగ్గా, కళ్ళద్దాలు తాడుతో మెడకు వేలాడేసుకున్న మనిషి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నువ్వేనా రాసింది?"

"నేనేనక్కా."

"టెర్మినల్ అంటే ఏందప్పా?"

నా మూడో లైను "ముందుగా టెర్మినల్ తెరవండి" అని. కంప్యూటర్‌లో ఆదేశాలు టైపు చేసే నల్లటి తెర అని చెప్పాను. ఆమె పక్కన కూర్చున్న అమ్మాయిని చూపించింది. డిగ్రీ అయిపోయిన పిల్ల, వాళ్ళమ్మ పెట్టే వడియాలకు ఒక వెబ్‌సైట్ చేద్దామని వచ్చింది. చేతిలో ఫోన్ ఒకటే ఉంది.

"ఈయమ్మి ఫోన్లో ఆ నల్లతెర యాడుండాది?"

"ఫోన్లో ఉండదక్కా. దానికి కంప్యూటర్ గావాల."

"ఆ మాట యాడ రాసినావు?"

ఎక్కడా రాయలేదు. కంప్యూటర్ లేనివాళ్ళు కూడా వెబ్‌సైట్ చేసుకుందామని వస్తారని నాకు తోచనే లేదు. ఆ పిల్ల మాత్రం టెర్మినల్ అనే వస్తువు కోసం ఫోనంతా గాలించి, కనపడక, తనకు తెలివి లేదని తేల్చేసుకుంది. ఏడ్చింది అందుకట.

నేను వివరణ మొదలుపెడుతుంటే ఆమె వేళ్ళు ఒళ్ళో కదలడం గమనించాను. అదేమిటో మొదట అర్థం కాలేదు. ఎదుటివాళ్ళు మాట్లాడే ప్రతి మాటనూ ఆమె వేళ్ళు వాటంతట అవే టైపు చేస్తుంటాయి. ఆ సంగతి తెలిశాక ఆమె ముందు తొందరగా మాట్లాడాలంటే మొహమాటంగా ఉండేది.

ఆమె రెండు గ్లాసుల నీళ్ళు తెచ్చింది. నాకు ఒకటి ఇచ్చి, తాను ఒకటి తీసుకుంది. తాగబోతే చెయ్యి పట్టుకుంది. "తాగేకి గాదు. నోట్లో పట్టుకో. మింగద్దు." ఆమె కూడా ఒక గుక్క నోట్లో పట్టి, బుగ్గలు ఉబ్బించుకుని, ఆ పిల్ల వెనక కుర్చీ వేసుకుని కూర్చుంది. పిల్లను అక్కడి కంప్యూటర్‌లో నేను రాసిన ఇంకో పేజీ చూసి పని మొదలుపెట్టమని చేత్తో సైగ చేసింది.

టైపు నేర్పిన రోజుల నుంచీ ఆమె పద్ధతి అది. పరీక్ష హాల్లో పక్కన నిలబడి చెప్పేవాళ్ళు ఉండరు కాబట్టి, నేర్చుకునేవాళ్ళు తడబడుతుంటే తాను నోరు తెరవకూడదు. నోరు ఊరుకోదు కాబట్టి నీళ్ళు. నేను కూర్చున్నాను. నా పేజీలో "కొనసాగించు నొక్కండి" అని ఉంది. తెర మీద బటన్ పేరు "ముందుకు" అని ఉంది. పిల్ల కొనసాగించు కోసం పేజీని పైకీ కిందికీ తోస్తోంది. ముందుకు నొక్కమ్మా అని చెప్పాలని నా ప్రాణం కొట్టుకుపోతోంది. తల తిప్పి చూస్తే పక్కన మేడంగారి బుగ్గలు రెండు బూరెల్లా ఉన్నాయి. నవ్వు ఆగలేదు, నీళ్ళన్నీ ఎదురుగా ఉన్న కీబోర్డు మీద పడ్డాయి.

ఆమె తన గుక్క నిదానంగా మింగింది. "ఈ ఊర్లో నీళ్ళు పారబోస్తావేమప్పా," అంది. తర్వాత పిల్లవైపు వంగి, "యాడ ఆగినావు?" అని అడిగింది.

ఎవరినైనా ఆమె అడిగే ప్రశ్న అదొక్కటే. అర్థమైందా అని ఎవర్నీ అడగదు. అలా అడిగితే అందరూ అయిందంటారని ఆమె ఫిర్యాదు. ఒకసారి ఉగ్గాని టిఫిను అంగట్లో పక్కన కూర్చున్న పెద్దాయన మందుల చీటీ చదువుకుంటుంటే ఆయన్నీ అడిగింది. కొత్త టికెట్ మిషన్ పట్టుకుని తిప్పలు పడుతున్న బస్సు కండక్టరునూ అడిగింది. అతను కోపంగా చూస్తే, "సెప్పప్పా, ఏ బటన్ కాడ?" అంది. దిగేలోపు అతని దగ్గర మిషన్ లాక్కుని చూసింది కూడా. ఆమెకు ఆ మిషన్‌తో పని లేదు. మనిషి ఎక్కడ ఆగిపోతాడు, ఎందుకు ఆగిపోతాడు అన్నది చూడకుండా ఆమె ఉండలేదు.

మా పనిముట్టులో కంప్యూటర్ లేకుండా, ఫోన్లోనే వెబ్‌సైట్ చేసుకునే దారి కూడా ఒకటి ఉంది. ఎవరో చేసి అలాగే వదిలేశారు. దాని గురించి ఒక్క పేజీ కూడా లేదు. ఆ మాట చెప్పగానే, "దాన్ని నేను రాస్తా," అంది. కోడ్ ఏమీ రాదు కదక్కా అంటే, "రాదు కాబట్టే," అంది.

ఆ పేజీ పుట్టేలోపు మేము పడిన గొడవలు అన్నీ ఇన్నీ కావు. కోడ్‌లో ఇటూ అటూ పెట్టే బ్రాకెట్ గుర్తుల్ని ఆమె కొక్కేలు అనేది. "కొక్కెం తెరిసినావు సరే, మూసినావా?" అని నన్నే గదమాయించేది. ఆమె రాసిందంతా ఒప్పు అనుకునేరు. ఫోన్ ఒకసారి ఆపి మళ్ళీ వేస్తే అంతా సర్దుకుంటుందని ప్రతి మెట్టు కిందా రాసింది. అది అబద్ధమక్కా అంటే నమ్మలేదు, జిరాక్స్ మిషన్ సర్దుకుంటుంది కదా అని వాదించింది. పోట్లాడి అన్నీ తీయించాను. ఒకచోట మాత్రం నాకు తెలియకుండా ఉంచేసింది. ఆ పేజీ నమూనాగా ఆమె ఒక గాజుల అంగడి వెబ్‌సైట్ తీసుకుంది. పైన అంగడి పేరు, దాని కింద సరుకుల పేర్లు, తెరిచే వేళలు, అన్నిటికంటే కింద ఫోన్ నంబరు. అక్కడ నేను ఉత్తుత్తి అంకెలు వేసిచ్చాను. అందరూ అలాగే వేస్తారు.

"ఈ నంబరుకు చేస్తే ఎవురెత్తుతారు?" అంది.

"ఎవురూ ఎత్తరక్కా. ఉత్తదే."

"మోగని నంబరు నేను రాయను."

తన నంబరు పెట్టింది. మంచిది కాదని చెప్పాను. వినలేదు. పేజీ మొదట్లో ఇంకో వాక్యం కూడా ఆమెదే: "ఉన్నది ఉన్నట్టు టైపు చెయ్యండి. నేను మార్చమన్న చోట తప్ప ఒక్క అక్షరం కూడా ముట్టుకోవద్దు." టైపు పరీక్షలో ఎదురుగా ఉన్న కాగితాన్ని తుచ తప్పకుండా కొట్టడమే కదా విద్య. జీవితమంతా ఆమె నేర్పింది అదే. అంగడి పేరు మార్చండి, సరుకుల పేర్లు మార్చండి అని చెప్పాల్సిన చోట చెప్పింది. నంబరు మార్చమని చెప్పడం మరిచిపోయింది. నేను కూడా చూడలేదు.

పేజీ పెట్టిన కొన్నాళ్ళకు ప్రాజెక్టు వాళ్ళు దాని గురించి అడిగారు. ఫోన్లో ఎవరు వెబ్‌సైట్ చేసుకుంటారు, ఈ పేజీ ఎవరైనా చదువుతున్నారా అని. ఊరికే అడగలేదు. పనిముట్టు మారినప్పుడల్లా పేజీ కూడా మార్చాలి, అది ఒకరి నెత్తిన పడే చాకిరీ. మా పేజీలను ఎవరు చదివారో, ఎంతసేపు చదివారో మేము చాటుగా లెక్కపెట్టం. అది మా నియమం, మంచి నియమమే. కానీ దానివల్ల చదివేవాళ్ళు ఉన్నారని చూపించడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. వచ్చే పెద్ద వెర్షన్ దాకా ఉంచుదాం, అప్పటికి చదివినవాళ్ళ జాడ ఏదైనా కనిపిస్తే ఉంటుంది, లేకపోతే తీసేద్దాం అన్నారు. నేను ఆమెకు ఫోన్ చేసి చెప్పాను.

"అంటే సదివినోళ్ళుండారని వాళ్ళకు సాక్ష్యం గావాల్నా?"

"అవునక్కా."

"నాకూ గావాల," అంది. "ఈడైతే ఎదురుగా కూసోబెట్టుకోని సూస్తా. నేను లేని తావ ఆ పేజీ ఏం చేస్తాందో నాకెట్ల తెలుస్తాది? యాడ ఆగినారో, యాల ఆగినారో ఎవురు చెప్తారు?"

పేజీ తీసేస్తారన్న మాట కన్నా తెలుసుకునే దారి లేదన్న మాటే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. ఆ తర్వాత మాట్లాడినప్పుడల్లా, ఎవరైనా రాశారా, ఎవరైనా అడిగారా అని అడిగేది. లేదక్కా అని చెప్పడం నాకూ కష్టంగానే ఉండేది.

ఆ రోజుల్లోనే పెనుకొండ దిక్కు నుంచి ఎవరో ఆమెకు ఫోన్ చేసి శనివారానికి షామియానా కావాలన్నాడు. రాంగ్ నంబర్ అని పెట్టేసింది. ఇంకో రోజు ఒకతను టమాటా నారు ఉందా అని అడిగాడు. మరొకతను పొట్టేలు పిల్లలు ఎంత వయసువి అని అడిగాడు. అప్పటికి అనుమానం వచ్చి, "ఈ నంబరు నీకు యాడిదప్పా?" అని అడిగింది. వెబ్‌సైట్‌లో ఉంది అన్నాడతను. సైటు పేరు చదవమని, తెరిచి చూసింది. పైన పొట్టేళ్ళ వ్యాపారం పేరు. దాని కింద సరుకులు, తెరిచే వేళలు, అంతా గాజుల అంగడి వరసే. అన్నిటికంటే కింద ఆమె నంబరు.

నాకు వెంటనే ఫోన్ వచ్చింది. ఎత్తగానే అరుపు. "అప్పా! పాసైనారప్పా!"

ఎవరో తెలియని మనుషులు, ఎక్కడెక్కడో కూర్చుని, ఆమె పేజీని మొదటి నుంచి చివరిదాకా చేసుకుంటూ వెళ్ళారు. చెప్పినట్టే విన్నారు. ఒక్క అక్షరం ముట్టుకోలేదు, నంబరు కూడా. నేను నవ్వి నవ్వి ఆ సంగతి ప్రాజెక్టు వాళ్ళకు రాశాను. వాళ్ళూ నవ్వారు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి, పేజీ ఉంచండి అన్నారు.

ఇక ఆమె సంబరం చూడాలి. ఫోన్ మోగితే చాలు, కళ్ళద్దాలు పెట్టుకుని సర్దుకుని కూర్చునేది. అవతలివాళ్ళ బేరం వినడానికి ముందే ఏ సైటో అడిగి, తెరిచి, పరీక్ష పేపరు దిద్దినట్టు పైనుంచి కిందిదాకా చూసేది. "ఈయప్ప వేళలు రాసేకాడ ఒగ లైను వదిలేసినాడు. ఆ మెట్టు సరిగా రాయలేదు నేను," అని తన పేజీ సవరించుకునేది. ఆ తర్వాత సైటులో ఉన్న ఊరి పేరు చూసి, ఆ ఊళ్ళో తన దగ్గర టైపు నేర్చుకున్నవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకు చెప్పి, సైటు మనిషిని పట్టుకుని బేరం అప్పజెప్పేది. పొట్టేళ్ళ పెద్దమనిషి ఆమెను కమీషన్ ఏజెంటు అనుకున్నాడు. నంబరు మార్చుకోమని చెప్పక్కా అని నేనంటే, చెబుతాలే అనేది. చెప్పేది కాదు. ఆ ఫోన్లంటే ఆమెకు అంత ఇష్టంగా ఉండేది.

ధర్మవరం నుంచి వచ్చిన ఒక ఫోన్‌తో ఆ సరదా పోయింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. నిశ్చితార్థానికి ఓళిగలు, అంటే బొబ్బట్లు, కావాలని ఒకాయన అడిగాడు. ఆమె సైటు తెరిచింది. ఇంటి ఓళిగలు అని ఉంది. కొబ్బరివి, బేడలవి అని ఉంది. ఊరి పేరు లేదు, మనిషి పేరు లేదు. ఎలా కనుక్కోవాలో తోచక, సాయంత్రం దాకా టైం ఇవ్వమని ఆయన్ను బతిమాలింది. తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. నేను సైటు వెనక ఏమైనా దొరుకుతుందేమో చూశాను, ఏమీ దొరకలేదు. సాయంత్రం ఆయనే చేసి, వేరేచోట చెప్పేసినామమ్మా అన్నాడు.

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టింది. ఒళ్ళో వేళ్ళు కదల్లేదు.

"ఆయమ్మి ఫోన్ పట్టుకోని కూసోని ఉంటాదప్పా," అంది. "సైటు పెట్టినా, ఒగరన్నా చెయ్యలేదే అనుకుంటా ఉంటాది. ఈడ బేరం వచ్చింది, పోయింది. ఆయమ్మికి తెలీనే తెలీదు."

"ఒగ లైను మారిస్తే సరిపోతాదక్కా," అన్నాను.

"మారిస్తే ఇంగ నాకు ఫోన్లు రావు."

అది నిజం. ఆ ఫోన్లు రాకపోతే ఆ పేజీ పనిచేస్తోందని తెలిసే దారి లేదు, వచ్చే వెర్షన్‌కు వాళ్ళు మళ్ళీ అడిగితే చూపించడానికి సాక్ష్యమూ లేదు. నేను ఉండబట్టలేక ఆ మాట కూడా అన్నాను. ఊరి పేరు తప్పకుండా రాయమని చెబుదాం, నంబరు సంగతి వెర్షన్ దాటాక చూద్దాం అన్నాను. ఆమె నావైపు అదోలా చూసింది.

"నాకు తెలియాలని ఆయమ్మి బేరం పోగొట్టుకోవాల్నా?"

ఆమె మర్నాడే పేజీ తిరగరాయడం మొదలుపెట్టింది. టైపు మేడం అయ్యుండీ, ఉన్నది ఉన్నట్టు కొట్టండి అన్న తన మొదటి వాక్యాన్ని తానే తీసేసింది. ఆ వాక్యం తీస్తుంటే చెయ్యి రాలేదప్పా అని నాతో చెప్పింది. నంబరు దగ్గర పెట్టాల్సిన మాట ఎన్ని రకాలుగా రాసిందో! నంబరు మార్చండి అని రాస్తే జనం ఒక అంకె మార్చి ఊరుకున్నారు. మీ నంబరు రాయండి అంటే ఆమె నంబరు పక్కనే తమది రాశారు. ఎవరు మేడ ఎక్కితే వాళ్ళను కూర్చోబెట్టి, నోట్లో నీళ్ళు పట్టి చూసింది. చివరికి ఆమె రాసింది ఇది: "ఈ నంబరు నాది. ఇది పూర్తిగా తీసేసి మీది పెట్టండి. తియ్యకపోతే మీకు రావలసిన బేరం నాకు వస్తుంది. రాసినాక ఇంకొకరి ఫోన్ నుంచి ఆ నంబరుకు చేసి చూడండి. మీ చేతిలోది మోగితేనే మీ పని అయినట్టు."

పాత సైట్ల వాళ్ళను వెతికి వెతికి వాళ్ళ చేత కూడా మార్పించింది. కొన్నాళ్ళు ఒకటీ అరా ఫోన్లు వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి.

ఆ మధ్య వెళ్ళినప్పుడు చూశాను. ఫోన్ బల్ల మీద వెల్లకిలా పెట్టి ఉంది. జిరాక్స్ కోసం వచ్చినవాళ్ళకు కాగితాలు తీసిస్తూనే మధ్య మధ్యలో దానివైపు చూస్తోంది. మోగకపోతే అందరూ సరిగ్గా చేసుకుంటున్నట్టే కదక్కా అన్నాను.

"అట్ల అనుకోవాల. ఎవురూ రావడమే లేదని గూడా అనుకోవచ్చు." నవ్వింది. "రెండిట్లో ఏదో నాకు తెలిస్తే బాగుండునప్పా. ఊరికే, తెలుసుకుందామని."

ఆ నవ్వులో దిగులు లేదని నేను చెప్పను. కానీ ఆమె ముఖంలో నాకు ఎక్కువగా కనిపించింది కుతూహలమే. బస్సులో కండక్టరు చేతిలోని మిషన్‌ను చూసిన చూపే అది. ఏదో ఒకరోజు ఎవరో ఒకరు చెప్పకపోతారా అని ఎదురుచూస్తున్నట్టుంది. చెప్పేవాళ్ళు ఎవరూ రాకముందే ఆమె పోయింది.

కర్మకాండలు అయ్యాక ఒకసారి వెళ్ళాను. ఆమె ఫోన్ వాళ్ళాయన చొక్కా జేబులో ఉంది. టైపు మిషన్లు రిపేరు చేసిన మనిషి, మాట తక్కువ. "రీఛార్జ్ చేయిస్తానే ఉండానప్పా," అన్నాడు. "ఆ పేజీలో దాని నంబరు ఉన్నన్నాళ్ళు ఇది మోగేటట్ల ఉండాల గదా. మోగని నంబరు రాయనంటా ఉండె. మీరు ఆ పేజీ తీసేస్తే నాకు చెప్పు. ఇంగ ఆపేస్తా."

అప్పటికే కొత్త వెర్షన్ పనులు మొదలయ్యాయి. ప్రాజెక్టు వాళ్ళు పాత ప్రశ్నే మళ్ళీ అడిగారు. ఫోన్ పేజీకి ఈమధ్య పాఠకుల జాడ ఉందా అని. ఫోన్లు ఎందుకు ఆగిపోయాయో రాశాను. చాలా మంచి విషయం, ఆమెకు మా నివాళి, కానీ జాడ ఉందా అని అడిగారు. వాళ్ళ తప్పేమీ లేదు. తెలుగు పేజీలు నావి కాబట్టి తీసేసే పని కూడా నాకే వచ్చింది. ఇవాళ రేపు అంటూ వాయిదా వేస్తూ వచ్చాను. తీసేశాక కదిరికి ఫోన్ చేసి ఆ ముసలాయనకు ఏమని చెప్పాలో తెలియక, కంప్యూటర్ ముందు కూర్చోవాలంటేనే విసుగ్గా ఉండేది.

మొన్న మా ఆవిడ సంవత్సరానికి సరిపడా చింతపండు తీసుకుందామని, ఎవరో పంపిన వెబ్‌సైట్ నాకు చూపించి, ఇది నమ్మొచ్చా అని అడిగింది. శింగనమల అవతల ఒక పల్లె. గింజ తీసిన చింతపండు, గింజతో ఉన్న చింతపండు, చింతకాయ తొక్కు. దాని కింద వేళలు, ఊరి పేరు. అదే గాజుల అంగడి వరస; నేను గబగబా కిందికి జరిపాను. అడుగున ఉన్న నంబరు అక్కది కాదు. దానికింద సన్నటి అక్షరాల్లో మా ప్రాజెక్టు పేరు ఉంది.

మా ఆవిడను చెయ్యొద్దని చెప్పి నేనే చేశాను. రెండుసార్లు మోగగానే ఎత్తారు.

"సెప్పన్నా," అంది ఒక ఆడమనిషి. వెనక చింతకాయలు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అమ్మా, ఈ సైటు నీకు ఎవురు చేసిచ్చినారు?"

"యాలన్నా, ఏమన్నా తప్పుండాదా?"

"లేదు లేదు, శానా బాగుండాది. ఊరికే అడుగుతాండా."

"నేనే చేసుకున్నా. ఫోన్లోనే."

"పక్కన ఎవురన్నా ఉండి చెప్పినారా?"

"ఈడ ఎవురుండారన్నా చెప్పేకి? ఒగ పేజీ ఉండాది, అది చెప్పినట్ల చేసుకుంటా పోయినా. అయిపోయింది."

ఆ ఒక్క మాట చాలు, పేజీ ఉంటుంది. వాళ్ళకు రాయాల్సింది మనసులో అప్పుడే రాసేసుకున్నాను. అవతలి మనిషి మాత్రం ఇంకా చెబుతూనే ఉంది.

"ఆడ ఒగామె నంబరు ఉండాదన్నా. ఇది తీసి మీది పెట్టండి, లేకుంటే మీ బేరం నాకొస్తాది అని రాసింటాది. నాకు నగొచ్చింది. తీసి నాది పెట్టుకున్నా. పనైనంక ఆమెకు ఒగసారి చేసి, అక్కా అయిపోయిందని చెప్దామనుకున్నా. మళ్ళ, పని లేకుండా యాల చెయ్యాల, ఏమనుకుంటాదో అని ఊరుకున్నా."

ఆ ఫోన్ కోసమే అక్క ఎంత ఎదురుచూసిందో ఈ మనిషికి ఎలా చెప్పాలి? ఏడుపూ వచ్చింది, సంతోషంగానూ ఉంది.

"అన్నా, ఉండావా? ఆమె నీకు తెలుసా? ఇప్పుడు చేస్తే ఎత్తుతాదా?"

"ఆమె లేదమ్మా," అన్నాను. "పోయింది."

చింతకాయలు కొట్టే చప్పుడు ఆగిపోయింది.

"అయినా చెయ్యమ్మా. ఆ నంబరు మోగుతాది. వాళ్ళాయన ఎత్తుతాడు. నువ్వు ఆమెకు చెప్పాలనుకున్న మాట ఆయనకు చెప్పు."